పట్టా చేతికిచ్చి కెమెరా లాక్కుంటే

2025 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం పూనాలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌కీ, కలకత్తాలోని సత్యజిత్ రాయ్ ఇన్‌స్టిట్యూట్‌కీ డీమ్డ్ యూనివర్సిటీ హోదా ఇచ్చింది. అంతవరకూ అక్కడ మూడేళ్ళు చదివినవాళ్ళకి పీజీ డిప్లొమా కాగితం ఇచ్చేవారు. ఈ హోదాతో ఆ సంస్థలు సొంతంగా డిగ్రీలూ, పరిశోధన పట్టాలూ ఇవ్వగల స్థితికి వచ్చాయి. పత్రికల్లో ఒకటి రెండు రోజులు వార్తలొచ్చాయి, అభినందనలొచ్చాయి. ఆ తర్వాత విషయం సినిమా పేజీకి పరిమితమైపోయింది. స్త్రీల హక్కుల పత్రికకి దీనితో ఏం పని అని మన పాఠకుల్లో కొందరికి అనిపించవచ్చు. పని ఉంది కనకే ఈ సంచిక సంపాదకీయం దీని మీద రాస్తున్నాను.

వెండితెర మీద స్త్రీని ఎంత వికారంగా చూపిస్తున్నారో మహిళా సంఘాలు నలభై ఏళ్ళకు పైగా చెబుతూనే ఉన్నాయి. అశ్లీల పోస్టర్ల మీద తారు పూసినవాళ్ళున్నారు, సెన్సారు బోర్డు చుట్టూ తిరిగినవాళ్ళున్నారు, టీవీ సీరియళ్ళలో అత్తాకోడళ్ళ కుట్రల మీద వ్యాసాలు రాసినవాళ్ళున్నారు. ఆ పోరాటం అవసరమైనదే. అయితే తెర మీద కనిపించే స్త్రీ గురించి అడిగినంత గట్టిగా తెర వెనక ఉండాల్సిన స్త్రీ గురించి అడగడం ఈ మధ్యే మొదలైంది. బొమ్మ తీసేదెవరు? ఆ పని ఎక్కడ నేర్పుతున్నారు, ఎవరి డబ్బుతో నేర్పుతున్నారు? నేర్చుకున్న ఆడపిల్ల ఆ తర్వాత ఏమవుతోంది? నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ఏది గొప్ప సినిమా, ఏది కాదు అని తీర్పు చెప్పడం నా వృత్తి కాదు. పనిని ఎవరెవరికి ఎలా పంచుతున్నారో చూడడం నా వృత్తి. ఆ కంటితో చూస్తే ఫిల్మ్ స్కూలు కూడా ఒక ఇల్లే, ఒక పొలమే, ఒక ఫ్యాక్టరీయే.

ముందు ఈ చదువు సంగతి. పూనాలో ప్రభాత్ స్టూడియో ఉండిన స్థలంలో 1960లో ప్రభుత్వం ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. 1971లో ఢిల్లీలో మొదలైన టెలివిజన్ శిక్షణ విభాగం 1974లో పూనాకి తరలివచ్చి దానితో కలిసింది. 1982లో ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియాలో మాస్ కమ్యూనికేషన్ కేంద్రం, 1988లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరున కళల, కమ్యూనికేషన్ విభాగం, 1995లో కలకత్తా సంస్థ వచ్చాయి. ప్రైవేటువి లెక్కకు మిక్కిలి. మన హైదరాబాదులోనే అన్నపూర్ణ స్టూడియో వాళ్ళు 2011లో ఒక ఫిల్మ్ స్కూలు తెరిచారు. పూనా, కలకత్తా సంస్థలు రెండూ సమాచార ప్రసార శాఖ కింద నడిచేవి, అంటే మన పన్నుల డబ్బుతో నడిచేవి. డైరెక్షను, కెమెరా, ఎడిటింగు వంటి విభాగాల్లో చేరడానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, ప్రవేశ పరీక్ష గట్టెక్కాలి. ఆ లెక్కన నల్లగొండలో బీకాం చదివిన అమ్మాయి, శ్రీకాకుళంలో బీయస్సీ చదివిన అమ్మాయి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాగితం మీద ఏ అడ్డూ లేదు. ఆడదానికి అడ్డు ఎప్పుడూ కాగితం మీదే ఉంటుందా ఏమిటి!

నాలుగైదేళ్ళుగా రకరకాల సంస్థల్లో ఈ చదువు చదివిన, చదువుతున్న ఆడపిల్లలతో మాట్లాడుతూ వస్తున్నాను. తెలుగు ఇళ్ళ నుంచి వెళ్ళిన పిల్లలే ఎక్కువ. ఇది సర్వే కాదు, లెక్కలు కట్టలేదు. కానీ వేరు వేరు ఊళ్ళలో, వేరు వేరు క్యాంపస్‌లలో ఉన్న పిల్లలు ఒకరితో ఒకరికి పరిచయం లేకుండానే ఒకే మాట చెబుతుంటే వినకుండా ఉండలేం. ఈ చదువు ఒంటరిగా పుస్తకం ముందేసుకుని చదివేది కాదు. డైరెక్షను, కెమెరా, సౌండు, ఎడిటింగు విద్యార్థులు కలిసి ఒక యూనిట్‌గా సినిమా తీయాలి. పనులు పంచుకునే దగ్గరే ఇల్లు గుర్తొస్తుంది. ఒకమ్మాయి ఇలా చెప్పింది: "గ్రూపులో నేనొక్కదాన్నే అమ్మాయిని మేడమ్. లొకేషన్ పర్మిషన్లు, భోజనాలు, ఆర్టిస్టుల బట్టలు, కంటిన్యూయిటీ, అన్నీ నాకే. కెమెరా దగ్గరికి పోతే మాత్రం 'నీకెందుకు, బరువు' అంటారు." భోజనాల ఏర్పాటుకీ బట్టల సర్దుబాటుకీ ఆడపిల్ల ఎందుకు పనికొస్తుందో ఎవరూ వివరించనక్కర్లేదు. కంటిన్యూయిటీ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఒక షాటులో నాయిక బొట్టు ఎక్కడుంది, చీర కుచ్చిళ్ళు ఎటున్నాయి, గ్లాసులో నీళ్ళు ఎంతున్నాయి అని రాసిపెట్టి తర్వాతి షాటులో అవి మారకుండా చూసుకోవడం. చాలా ముఖ్యమైన పనే. "ఆడపిల్లలకైతే ఓపికెక్కువ" అన్న మెచ్చుకోలుతో అది వాళ్ళ నెత్తిన పడుతుంది. ఆ మెచ్చుకోలు మనకి కొత్త కాదు, వంటింట్లో తరతరాలుగా వింటున్నదే.

ఇక బరువు. వీధిలో కట్టే ప్రతి మేడకీ ఇటుకలు, కంకర, సిమెంటు తట్టలు నెత్తిన పెట్టుకుని నిచ్చెనలెక్కేది ఆడవాళ్ళు. రెండు బిందెల నీళ్ళు నెత్తినొకటి చంకనొకటి పెట్టుకుని మైళ్ళు నడిచేది ఆడవాళ్ళు. అప్పుడెవరికీ వాళ్ళ శరీరాల సుకుమారం గుర్తుకు రాలేదు. కూలి తక్కువున్న బరువు మోయడానికి పనికొచ్చిన భుజం, పేరూ డబ్బూ ఉన్న బరువు దగ్గరికొచ్చేసరికి పనికిరాకుండా పోతుంది. కెమెరాలు నానాటికీ చిన్నవై తేలికైపోయిన ఈ రోజుల్లో కూడా ఈ వాదన బతికి ఉండటమే విచిత్రం. భాష కూడా దాని పని అది చేస్తూనే ఉంది. సెట్టు మీద లైట్‌బాయ్, ప్రొడక్షన్ బాయ్, స్పాట్‌బాయ్. ఉద్యోగం పేరులోనే అబ్బాయి ఉన్నాడు. యాభై ఏళ్ళొచ్చినా బాయే, అది ఆ శ్రామికుడికి జరిగే అవమానం. ఆ పనికి అమ్మాయి వస్తే పిలవడానికి పేరే లేదు.

పని విలువ పెరిగితే ఆడవాళ్ళు బయటికి పోతారు, విలువ తగ్గితే లోపలికొస్తారు. ఇది వ్యవసాయంలో చూశాం, చేనేతలో చూశాం. సినిమాలో కూడా ఇదే. మూగ సినిమాల కాలంలో హాలీవుడ్‌లో ఫిల్ము ముక్కలు కత్తిరించి అతికించే పనిలో ఆడవాళ్ళు చాలామంది ఉండేవారు. అది కుట్టుపని లాంటిదని అనుకున్నారు. ఎడిటింగు అంటే కళ అనీ, సినిమాకి ప్రాణమనీ తెలిశాక ఆ కుర్చీల్లో మగవాళ్ళు కూర్చున్నారు. మన దగ్గర పూనాలో ఎడిటింగు చదువుకున్న రేణూ సలూజా 'పరిందా', 'ధారావి', 'సర్దార్', 'గాడ్‌మదర్' సినిమాలకు జాతీయ అవార్డులు తీసుకుని, 2000లో చనిపోయేవరకూ ఆ కుర్చీని మళ్ళీ సంపాదించిపెట్టింది. కెమెరా విషయంలో ఆలస్యం ఇంకా ఎక్కువ. బి.ఆర్. విజయలక్ష్మి 1985లో తమిళంలో 'చిన్న వీడు'కి ఛాయాగ్రాహకురాలిగా పనిచేస్తే ఆసియాలోనే మొదటి మహిళ అని రాశారు. ఆమె దర్శకుడు పంతులు గారి కూతురు. స్టూడియో ఆమెకి పరాయి చోటు కాదు. సంస్థలో చదువుకుని వచ్చిన స్త్రీకి, అంటే అంజులీ శుక్లాకి, కథాచిత్రం కెమెరా పనికి జాతీయ అవార్డు వచ్చింది 2009 నాటి 'కుట్టి స్రాంక్'కి. పూనా సంస్థ పుట్టిన 49 ఏళ్ళకి! ఈ 49 ఏళ్ళలో ఆ విభాగంలో చేరాలని ఎంతమంది అమ్మాయిలు అనుకున్నారో, ఎంతమందిని ఇంటర్వ్యూలోనే "పెళ్ళయ్యాక ఏం చేస్తావ్?" అని అడిగి పంపేశారో ఏ వార్షిక నివేదికలోనూ కనబడదు.

రాత్రి సంగతి కూడా చెప్పాలి. సినిమా చదువు పగటి చదువు కాదు. షూటింగు తెల్లవార్లూ నడుస్తుంది, ఎడిటింగు గదికి వంతు అర్ధరాత్రి వస్తుంది. పేరు చెప్పను గానీ ఒక సంస్థలో జూనియర్లకి ఎడిటింగు గది దొరికేది రాత్రి తొమ్మిది తర్వాతే, అమ్మాయిల హాస్టలు గేటుకి తాళం పడేదీ రాత్రి తొమ్మిదికే. రెండూ ఒకే యాజమాన్యం పెట్టిన నిబంధనలు. ఒక గుమాస్తా అయినా ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడలేదు. అడిగితే "మీ భద్రత కోసమే" అన్నారట. భద్రత పేరుతో ఆడపిల్లని లోపల పెట్టి తాళం వేయడం తప్ప, బయటి దారిలో దీపం వేయించడం, కాపలా పెట్టడం, బస్సు నడపడం ఎవరికీ తోచదు. చివరికి ఆ పిల్ల తన సినిమా ఎడిటింగు క్లాసులోని అబ్బాయికి అప్పగించింది. మార్కులు అతనికి బాగానే వచ్చాయి.

ఆడపిల్లలందరిదీ ఒకే కథ అని రాయడం కూడా సరికాదు. గేటు దాకా రాగలిగినవాళ్ళ సంగతి ఇప్పటిదాకా చెప్పాను. అసలు అక్కడికి రాలేనివాళ్ళున్నారు. ఏటా 10 శాతం చొప్పున పెంచుతూ పోయిన ఫీజులకూ, ప్రవేశ పరీక్ష రుసుముకూ వ్యతిరేకంగా 2019 డిసెంబరులో పూనా విద్యార్థులు నిరాహారదీక్ష చేశారు. కొడుకు చదువుకైతే పొలం తాకట్టు పెట్టే తండ్రి, కూతురు సినిమా చదువుకి పెడతాడా? "సినిమా" అన్న మాటే చాలు, ఇంట్లో తలుపులన్నీ మూతబడతాయి. ఆ భయానికి కారణం లేకపోలేదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కులం సంగతి కొట్టాయంలో బయటపడింది. ఈ దేశపు మొదటి దళిత రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ పేరు పెట్టిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అది. అక్కడ రిజర్వేషన్ సీటు ఖాళీగా ఉన్నా దళిత విద్యార్థిని చేర్చుకోలేదనీ, పారిశుద్ధ్య పనిచేసే స్త్రీలని డైరెక్టరు ఇంట్లో పనికి వాడుకున్నారనీ 2022 డిసెంబరులో విద్యార్థులు సమ్మెకు దిగారు. ఆ శుభ్రం చేసే స్త్రీలు స్వయంగా ముందుకొచ్చి తమకి జరిగింది చెప్పారు. 2023 జనవరిలో డైరెక్టరు రాజీనామా చేశాడు. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ స్త్రీలు. కెమెరా, లెన్సు, లైటింగు నేర్పే భవనంలో వాళ్ళు చీపుళ్ళతో తిరుగుతూ ఉండేవారు, వాళ్ళ మీద ఎవరి కెమెరా పడలేదు. విద్యార్థులు వాళ్ళతో కలిసి కూర్చున్నప్పుడు వాళ్ళు తెర మీదికి వచ్చారు. నా దృష్టిలో ఆ సంస్థలో ఆ ఏడాది జరిగిన అసలైన పాఠం అది.

అంతకుముందు పూనాలో 2015లో, సంస్థ అధ్యక్ష పదవికి చేసిన నియామకానికి వ్యతిరేకంగా 139 రోజుల సమ్మె జరిగింది. విద్యార్థుల మీద పోలీసు కేసులు పెట్టారు. అభియోగపత్రంలో ఉన్న 35 మందిలో పాయల్ కపాడియా ఒకరు. ఆ రోజుల జ్ఞాపకాల్లోంచే ఆమె 'ఎ నైట్ ఆఫ్ నోయింగ్ నథింగ్' తీసింది, దానికి 2021లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి వచ్చింది. బొంబాయి ఆసుపత్రిలో పనిచేసే మలయాళీ నర్సుల కథతో తీసిన 'ఆల్ వీ ఇమాజిన్ యాజ్ లైట్'కి 2024లో అదే ఉత్సవంలో గ్రాండ్ ప్రి వచ్చింది. ముప్పై ఏళ్ళ తర్వాత ప్రధాన పోటీలోకి వెళ్ళిన భారతీయ సినిమా అది. ప్రధానమంత్రి అభినందిస్తూ ఆమె పూనా విద్యార్థిని అని ప్రత్యేకంగా చెప్పారు. కేసు పెట్టినప్పుడూ ఆమె పూనా విద్యార్థినే. బహుమతి తెచ్చాక మన ఆడబిడ్డ, ప్రశ్న అడిగినప్పుడు అల్లరిమూక. మన సంఘాల్లో పనిచేసే ఆడవాళ్ళకి ఈ తేడా బాగా తెలుసు.

ఇక శిక్షణ అన్న మాట దగ్గరికి వద్దాం. దళిత, ఆదివాసీ దర్శకులకూ, మహిళా దర్శకులకూ ఒక్కో సినిమాకి కోటిన్నర దాకా ఇచ్చే పథకం కేరళ ప్రభుత్వం నడిపింది. శ్రుతి శరణ్యం తీసిన 'బి 32 ముతల్ 44 వరె' లాంటి సినిమాలు దానిలోంచే వచ్చాయి. 2025 ఆగస్టులో తిరువనంతపురంలో జరిగిన సినిమా విధాన సదస్సులో అడూర్ గోపాలకృష్ణన్ ఈ పథకాన్ని తప్పుబట్టారు. ఆ డబ్బు ఎక్కువనీ, ముందు వీళ్ళకి కనీసం మూడు నెలల శిక్షణ ఇవ్వాలనీ అన్నారు. సభలోనే గాయని పుష్పవతి లేచి అభ్యంతరం చెప్పింది. అడూర్ గొప్ప దర్శకుడే, ఆయన సినిమాల మీద నాకు గౌరవం ఉంది. ఆయన కూడా ప్రభుత్వ ఖర్చుతో పూనాలో చదువుకుని 1965లో బయటికొచ్చినవారే. శిక్షణ ఎవరికి వద్దు? అందరికీ కావాలి. తెలుగులో ఏటా వందకి పైగా సినిమాలు తీసేవాళ్ళలో ఎంతమందిని "నీకు శిక్షణ ఉందా?" అని అడుగుతున్నారు? నిర్మాత కొడుకుని అడుగుతున్నారా, హీరో తమ్ముణ్ణి అడుగుతున్నారా? దళితుడు రాగానే, ఆడది రాగానే ఆ ప్రశ్న పుట్టుకొస్తుంది. పీజీ చదువు నిచ్చెన కావాలి. దాన్ని గడియలా వాడితే మనం ఒప్పుకోకూడదు.

శిక్షణ అంటే ఏమిటో జహీరాబాదు దగ్గర పస్తాపురం వెళ్ళి చూడవచ్చు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చాలామంది అక్షరం రానివాళ్ళు, 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నారు. 2001లో వాళ్ళది కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడింది. లో యాంగిల్, ఐ లెవెల్ అన్న మాటలు వాళ్ళకి అక్కర్లేకపోయాయి. కింది నుంచి పైకి చూసి తీసేది పటేలు షాట్. ఎందుకంటే పటేలుని వాళ్ళు ఎప్పుడూ కింద నిలబడే చూశారు. కళ్ళలో కళ్ళు పెట్టి సమానంగా తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కనక. కెమెరా కోణం అంటే అధికారం అని ఫిల్మ్ స్టడీస్‌లో లావుపాటి పుస్తకాలు చెప్పే విషయాన్ని ఆ అక్కలు రెండు మాటల్లో పెట్టారు. బీటీ పత్తి వేసి నష్టపోయిన వరంగల్లు రైతుల మీద వాళ్ళు 2003 నుంచి తీసిన సినిమాలు విదేశాల్లో కూడా ప్రదర్శించారు. వాళ్ళకి నేర్పినవాళ్ళకి కెమెరా వచ్చు, ఆ స్త్రీల మాట వినడం కూడా వచ్చు. మన సంస్థల సిలబస్‌లో ఈ రెండోది లేదు.

ఇంకా వెనక్కి పోతే 1983లో దీపా ధన్‌రాజ్, మరికొందరు కలిసి నడిపిన యుగాంతర్ బృందం హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనతో కలిసి 'ఇది కథ మాత్రమేనా' అన్న చిన్న తెలుగు సినిమా తీసింది. ఇంట్లో స్త్రీ మీద జరిగే హింస గురించి, ఆ మాట బయట అనడానికే సిగ్గుపడే కాలంలో తీసిన సినిమా అది. ఇంకా ముందు 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు' దర్శకత్వం వహిస్తూ సాంకేతిక శాఖల్లో వీలైనంతవరకూ స్త్రీలనే పెట్టుకుంది. సావిత్రి అనగానే తాగుడు, అప్పులు, మోసపోవడం గుర్తుచేసుకుని కన్నీళ్ళు పెట్టుకునే మనవాళ్ళు ఈ సంగతి ఎక్కువగా తలుచుకోరు. భానుమతి, విజయనిర్మల కూడా ఏ సంస్థలోనూ చదవలేదు. అయితే వాళ్ళు నటులుగా పేరు సంపాదించాక, స్టూడియో తలుపు లోపలి నుంచి తెరిచి ఆ పనిలోకి వెళ్ళారు. నటించడం ఇష్టం లేని మామూలు ఇంటి అమ్మాయికి ఆ దారి లేదు. ఆమెకి ఉన్న గౌరవప్రదమైన దారి చదువొక్కటే. అందుకే ఈ సంస్థలు మనవి కావాలని నేను పట్టుబడుతున్నాను.

పరదేశంలో ఈ చదువు చదివే తెలుగువాళ్ళ సంగతి ఒక్కటి. 2006లో వచ్చిన 'వనజ' తెలుగు సినిమా కొలంబియా విశ్వవిద్యాలయంలో రజనేష్ దోమలపల్లి తన ఎం.ఎఫ్.ఏ. కోసం సమర్పించిన సినిమా. జమీందారిణి ఇంట్లో పనికి చేరి నాట్యం నేర్చుకోవాలనుకున్న జాలరి పిల్ల, ఆ ఇంటి కొడుకు చేతిలో ఏమైందన్నది కథ. నిజాయితీగా తీసిన మంచి సినిమా. ఆ వనజలాంటి పిల్ల న్యూయార్కు వెళ్ళి, అదే పట్టా కోసం, తన కథ తానే తీసే రోజు కోసం ఎదురు చూస్తున్నాను.

పట్టా వచ్చిందనుకుందాం. తర్వాత? చారూ ఖురానా అనే ఆమె అమెరికాలో మేకప్ చదువు చదివి బొంబాయి వచ్చింది. అక్కడి యూనియన్ 2009లో సభ్యత్వం ఇవ్వనంది. మేకప్ ఆర్టిస్టు కార్డు మగవాళ్ళకే, ఆడవాళ్ళకి హెయిర్ డ్రెస్సరు కార్డు మాత్రమే అన్నది వాళ్ళ నిబంధన. ఆడదాని ముఖానికి రంగు వేయడానికి కూడా ఆడది పనికిరాదు! ఆమె సుప్రీంకోర్టు దాకా వెళితే 2014 నవంబరులో కోర్టు ఆ నిబంధన కొట్టేసింది. చదువుకీ ఉపాధికీ మధ్య యూనియన్ కార్డు, సభ్యత్వ రుసుము, "మావాడు" అనే సిఫారసు ఉన్నాయి. మన ఇరవై నాలుగు క్రాఫ్టుల సంఘాల్లో ఈనాటికీ ఆడవాళ్ళు ఎక్కువగా కనబడేది జూనియర్ ఆర్టిస్టుల్లో, డాన్సర్లలో, హెయిర్ డ్రెస్సర్లలో. 2023లో విడుదలైన 169 భారతీయ సినిమాలు, సిరీస్‌లు పరిశీలించి ఆర్మాక్స్ సంస్థ వేసిన లెక్కలో దర్శకత్వం, కెమెరా, ఎడిటింగు, రచన, కళాదర్శకత్వం వంటి ముఖ్య బాధ్యతల్లో స్త్రీలు 15 శాతం. టీవీ సీరియళ్ళు చూసేది ఆడవాళ్ళని అందరూ అంటారు. తీసే యూనిట్‌లోకి వెళ్ళి చూడండి, నిలబడి మోనిటరు చూస్తున్న వాళ్ళంతా ఎవరో.

తల్లిదండ్రుల భయం దగ్గరికి వస్తానన్నాను. 2017లో ఒక నటి మీద జరిగిన దాడి తర్వాత మలయాళ సినిమా స్త్రీలు సంఘంగా ఏర్పడి అడిగితే కేరళ ప్రభుత్వం జస్టిస్ హేమ కమిటీ వేసింది. అందులో మన తెనాలి శారద సభ్యురాలు. 2019 డిసెంబరులో నివేదిక ఇస్తే, ప్రభుత్వం 2024 ఆగస్టులో, కొన్ని భాగాలు తీసేసి బయటపెట్టింది. లైంగిక వేధింపుల సంగతి పత్రికలన్నీ రాశాయి. నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది నీళ్ళ సంగతి. సెట్టు మీద మరుగుదొడ్డి ఉండదు కనక ఆడవాళ్ళు పొద్దంతా మంచినీళ్ళు తాగకుండా పనిచేస్తారు. మూడేళ్ళు పీజీ చదివిన అమ్మాయి మొదట నేర్చుకోవాల్సిన వృత్తిరహస్యం అదన్నమాట. తెలంగాణలో కూడా కమిటీ ఉంది. 2018 ఏప్రిల్‌లో శ్రీరెడ్డి ఫిల్మ్ చాంబరు ముందు చేసిన నిరసనని ఎగతాళి చేసినవాళ్ళే ఎక్కువ. కానీ ఆ తర్వాత మహిళా సంఘాల ఒత్తిడితో 2019లో ప్రభుత్వం కమిటీ వేసింది, 2022లో నివేదిక చేతికొచ్చింది. 2024 ఆగస్టులో సమంత, వాయిస్ ఆఫ్ ఉమెన్ బృందం ఆ నివేదికని బయటపెట్టమని అడగాల్సి వచ్చింది. ప్రజల డబ్బుతో వేసిన కమిటీ, స్త్రీలు ధైర్యం చేసి చెప్పిన మాటలు, రెండేళ్ళు బీరువాలో.

డీమ్డ్ యూనివర్సిటీ హోదాతో కొన్ని బాధ్యతలు కూడా వస్తాయి. ఏ విభాగంలో ఎంతమంది అమ్మాయిలు, ఏ కులాల నుంచి, ఎంతమంది మధ్యలో మానేశారు అన్న లెక్కలు ఏటా ప్రకటించమని అడగాలి. ఇంటర్వ్యూ బోర్డుల్లో స్త్రీలు ఉండాలి, పెళ్ళి ప్రశ్న అడిగితే చర్య ఉండాలి. హాస్టలు తాళం తీయాలి, దారిలో దీపాలు పెట్టాలి. కెమెరా, సౌండు విభాగాల్లో వంతులు రాసి గోడకి అంటించాలి, "ఎవరికి వీలైతే వాళ్ళు" అన్న ఏర్పాటులో ఆడపిల్లకి ఎప్పుడూ వీలు కాదు.

విద్యార్థినులకీ, వాళ్ళ తల్లిదండ్రులకీ చట్టం గురించి కొన్ని విషయాలు. యూజీసీ 2015 నిబంధనల్లో క్యాంపస్ అంటే ప్రహరీగోడ లోపలి స్థలమే కాదు; చదువులో భాగంగా వెళ్ళే ఇంటర్న్‌షిప్, క్షేత్ర పర్యటన, ప్రయాణం కూడా అందులోకే వస్తాయి. కాబట్టి ఇంటర్న్‌గా పంపిన సెట్టు మీద వేధింపు జరిగితే "అది బయటి విషయం" అని కాలేజీ చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. 2013 చట్టంలో ఉద్యోగిని అన్న మాటలో శిక్షణలో ఉన్నవాళ్ళు, అప్రెంటిస్‌లు, జీతం లేకుండా పనిచేసేవాళ్ళు కూడా ఉన్నారు. సినిమా నిర్మాణ యూనిట్లలో కూడా అంతర్గత కమిటీ వేయాలని 2022 మార్చిలో కేరళ హైకోర్టు చెప్పింది. పదిమంది కంటే తక్కువ పనిచేసే చిన్న యూనిట్ అయినా, నిందితుడు యజమాని అయినా, జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది, కలెక్టరు కార్యాలయంలో అడగాలి. సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం చూపితే మరో మూడు నెలలు గడువు ఇస్తారు. రాసి ఇవ్వాలి. రాయగల స్థితిలో లేకపోతే, రాయడానికి సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే.